పిట్ట ముట్టని అన్నం

నా భర్త పోయిన మూడో రోజు ప్రగతి నగర్ చెరువు గట్టున ఆయన పేరున విస్తరి వేశాం. అన్నం, కోడికూర, ఆయనకు ఇష్టమైన ఉల్లిగడ్డ పకోడీ. పిట్ట ముట్టేదాకా ఇంట్లో వాళ్ళు మెతుకు నోట పెట్టకూడదు. ఎండ ముదిరింది. కాకులు తీగల మీది నుంచి దిగలేదు.

కొత్తగూడ ఫ్లైఓవర్ దగ్గర బండి మీంచి పడ్డాక ఆయన మెదడు చనిపోయిందన్నారు. అవయవాలు ఇమ్మని దవాఖానలో అడిగితే ఒప్పుకున్నాం. అప్పటికి నాకు చదువు రాదు, వేలిముద్ర వేశాను.

"వాని కడుపులకెల్లి ఏందో మంచుల వెట్టి తీస్కపోయిండ్రు. అది గూడ కాలవెట్టాలె. అందుకే ముడ్తలేవు," అంది అత్తమ్మ.

ఆమెకు చక్కెర జబ్బు. పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసుకుంది. ఏమీ తినక చక్కెర పడిపోయి, ఇప్పుడు చెమటలు పోస్తున్నాయి.

"జర చాయన్న తాగు అత్తమ్మా."

"నా కొడుకు తినకుంట నేను తాగుతనా? నువ్వు తాగు, నీకేం!"

భయమేసి, దవాఖానలో అవయవాల గురించి మాతో మాట్లాడిన అమ్మాయికి ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టి, మంచులో పెట్టి తీసుకెళ్ళింది ఏంటని అడిగాను.

"అది క్లోమం అండీ. ఇన్సులిన్ తయారయ్యేది అందులోనే. ఆ కణాలు వేరుచేసి భద్రపరిచారు, చక్కెర జబ్బు వాళ్ళకి ఎక్కించడానికి."

"వాపసిస్తరా మేడం? కాలవెట్టాలె," అన్నాను.

"ఎలా కాలుస్తారండీ? అవి బతికే ఉన్నాయి కదా. గడ్డకట్టించి ఉంచారు. కరిగించాక కొన్ని పోతాయి, మిగిలినవి పనిచేస్తాయి."

అత్తమ్మ ఫోన్ వైపు చూసింది. "బతికున్నోనికి పిట్టకు వెడ్తరానే ఎవలన్న? కాకులకున్న తెలివి మనకు లేకపాయె!"

విస్తరి దగ్గరికి లాక్కుని తిన్నది. ఆమె మొదటి ముద్ద మింగాక నాకు ఊపిరి ఆడింది.

పదో రోజు నా బొట్టు తుడిచి, గాజులు తీయడానికి ఆడవాళ్ళు వచ్చారు. అత్తమ్మ గడపకడ్డంగా కూర్చుంది.

"నా కొడుకున్నడు. ఎవ్వరు ముట్టొద్దు."

"గిట్లెక్కడన్న ఉంటదా పెద్దమ్మా?"

"నా ఇంట్ల ఉంటది. ఇగ పోండ్రి."

ఆ కణాలు ఎవరి ఒంట్లోకైనా వెళ్ళాయో, ఇంకా ఆ చలిలోనే ఉన్నాయో, కరిగించినప్పుడే పోయాయో మాకు తెలియదు. నేను మళ్ళీ ఫోన్ చేయలేదు. అవి లేవని చెబితే, ఆయన మాకు ఆ రోజే చనిపోయినట్టు.

పనికి బయలుదేరే ముందు అద్దం ముందు నిలబడతాను. కొన్ని పొద్దుల్లో కుంకుమ అద్దిన వేలు నుదుటి దాకా వెళ్ళి ఆగిపోతుంది. వంటింట్లోంచి అత్తమ్మ అడుగుతుంది:

"పెట్టుకున్నవా?"