ఖాసింబీ ఇచ్చిన ఆముదాలు

ముప్పై ఏళ్లుగా ఒక అబద్ధం నాకు అన్నం పెడుతోంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో ఎరుగను కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల్లో మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పరిశోధన క్షేత్రంలో రోజుకూలి సహాయకుడిగా ఉండేవాణ్ని. ఎండు తెగులును తట్టుకునే ఆముదం రకం కోసం మా పెద్దసారు ఏళ్లుగా వెతుకుతున్నారు. తెగులున్న మడిలో ఏ రకం వేసినా గెల పడకముందే వాడిపోయేది.

ఒకసారి పని మీద ఆత్మకూర్ దగ్గరి పల్లెకు వెళ్లి, ఖాసింబీ అనే రైతు చెల్క చూశాను. చుట్టుపక్కల చేలన్నీ ఎండిపోతే ఆమెది మాత్రం పచ్చగా ఉంది. భర్త పోయినప్పటి నుంచి పదేళ్లపాటు, చచ్చిన మొక్కల నడుమ బతికినవాటి గెలలే ఏరి, బూడిద కలిపి కుండలో విత్తనం దాచుకుందట. అడగ్గానే కొంగు నిండా గింజలు తెచ్చి నా సంచిలో పోసింది.

మా తెగులు మడిలో ఆ మొక్కలు నిలబడ్డాయి. విత్తనం ఎక్కడిదని పెద్దసారు అడిగారు. మన మడిలోనే ఒక మొక్క బతికితే దాని గింజలు దాచానన్నాను. ఎందుకలా అన్నాను? ఉద్యోగం ఖాయం కావాలన్న ఆశ. అంతేనా? చదువురాని మనిషి పదేళ్ల ఓపికను నా తెలివిగా చెప్పుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అన్న ధీమా కూడా ఉంది. ఉద్యోగం ఖాయమైంది.

తొంభైల్లో ఆ రకం విత్తనాలు పంచడానికి ఆమె ఊరికే వెళ్లాల్సి వచ్చింది. అప్పటికే వరుస కరువుల్లో ఆమె దాచుకున్న విత్తనమంతా పోయింది. నేనిచ్చిన సంచి విప్పి, గింజలు అరచేతిలో పోసుకుని చూసింది.

"గివి మా గింజల లెక్కనే ఉన్నయి గద సారూ?"

"కాదమ్మా. మా తాన తయారైనయి."

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, గింజలు కొంగులో పోసుకుంది.

"ఏడివైతేంది తీ. పోయినయనుకున్న, మల్ల చేతికొచ్చినయి. జర కూసో, రొట్టె తిని పో."

తిన్నాను. ఆమెకు తెలుసు. తెలిసే పెట్టింది. నా పిల్లల చదువులు, ఈ జిల్లాలో పండిన ఎన్నో చెల్కలు, అన్నీ ఆమె చలవే. ఆ పూట తల ఎత్తి ఒక్క మాట చెప్పి ఉంటే ఏమయ్యేది? ధైర్యం కూడగట్టుకుని మళ్లీ వెళ్లేసరికి ఆమె లేదు.

ఆమె క్షమించిందని అనుకోవడం నాకు తేలిక. కానీ ఆమె ఆ మాట అనలేదు, రొట్టె పెట్టింది, అంతే.

ఆ రకాన్ని ఎంపిక చేసింది ఖాసింబీ. నేను కాదు. ఇది మొదటిసారి కాగితం మీద రాశాను. మళ్లీ చదువుకున్నాను. కొట్టేయలేదు.