వంకాయ రంగు పదును

పెళ్ళయిన రెండో ఏడు నేను మా ఆయనతో కలిసి కొండెక్కాను. ఆయన ఓవర్సీరు. అరకు దగ్గర ఒక కొండ ఊళ్ళో రోడ్డు పని, దానితోపాటు ఊరికీ క్యాంపుకీ కలిపి ఒక నుయ్యి తవ్వించే పని ఆయనకు అప్పగించారు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. శృంగవరపుకోట నుంచి ఎడ్లబండి మీద ఘాటు రోడ్డు ఎక్కడానికి రెండు రోజులు పట్టింది. మా అత్తగారు సాగనంపుతూ, "చలిజ్వరాల చోటు, జాగ్రత్తమ్మా" అని మూడుసార్లు చెప్పింది. నాకు మాత్రం జ్వరం భయం లేదు. పలకరించే మనిషి ఉండదేమోనన్నదే బెంగ.

ఆ బెంగ తీర్చినవి మా అన్నయ్య ఉత్తరాలు. అన్నయ్య విజయనగరంలో రసాయన శాస్త్రం చదువుతున్నాడు. నా చదువు నాలుగో ఫారంతో ఆగిపోయింది. తను చదువుతూ నేను మానేయడం వాడికి కష్టంగా ఉండేది. అందుకని ప్రతి ఉత్తరంలో క్షేమ సమాచారాల కింద ఒక పాఠం రాసేవాడు. టపా వారానికొకసారి, సంత రోజున వచ్చేది. ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపల బుట్టల మధ్య నిలబడే ఉత్తరం విప్పేసేదాన్ని.

ఒక ఉత్తరంలో పరమాణువుల గురించి రాశాడు. లోకంలో ఏ వస్తువైనా కంటికి ఆనని రేణువుల కూర్పేనట. పొయ్యిలో బొగ్గు, పెన్సిల్లో ముల్లు, రాణిగారి ముక్కుపుడకలో వజ్రం, మూడింట్లోనూ ఉన్నది ఒకే జాతి రేణువులట. అవి ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని నిలబడ్డాయన్న దాన్నిబట్టి ఒకటి వేలికి అంటుకుంటుంది, ఒకటి అద్దాన్ని కోస్తుంది. ఆ వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో. ఆ పూట అంట్లు తోముతూ చేతికంటిన మసిని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

నుయ్యి పని మొదట్లో బాగానే సాగింది. ఊరివాళ్ళు దిగువ గెడ్డ నుంచి నీళ్ళు మోసుకునేవాళ్ళు. ఎండల్లో గెడ్డ సన్నగిల్లేది, వానల్లో బురదయ్యేది. ఏటా ఆ బురద నీళ్ళ రోజుల్లో పసిపిల్లలు విరేచనాలతో పోయేవాళ్ళని మొదటి వారంలోనే విన్నాను. అందుకే ఊరంతా వంతులేసుకుని తవ్వారు. రెండు నిలువుల లోతుకి వెళ్ళేసరికి నల్లరాయి తగిలింది.

రాయికి బెజ్జాలు వేసి పగలగొట్టడానికి కింద నుంచి కొత్త ఉక్కు గునపాలు తెప్పించారు. వాటి మొనలు అరిగినప్పుడల్లా కాల్చి, సాగగొట్టి, పదును పట్టించాలి. క్యాంపు కమ్మరి జ్వరంతో కిందికి దిగిపోయాడు. గునపాలన్నీ ఊరి కమ్మరికి ఇచ్చారు. అతను గొడ్డళ్ళు, కత్తులు, నాగళ్ళ కర్రులు చేసేవాడు. అతని పనికి చుట్టుపక్కల ఊళ్ళలో పేరుంది. కాని అతను సరిచేసిన గునపాలు రాతి మీద నాలుగు దెబ్బలు పడగానే ఉప్పుగల్లులా చిట్లాయి. రెండోసారి నీళ్ళలో ముంచకుండా చల్లార్చి ఇచ్చాడు. ఈసారి మొనలు చిట్లలేదు, మైనంలా వంగిపోయాయి.

మా ఆయన ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని ముద్ద కలపలేదు.

"పైనుంచి కాగితం వచ్చింది. వానల్లోపు నీళ్ళు పడకపోతే గొయ్యి పూడ్చేయమన్నారు" అన్నారు.

"పూడ్చేస్తే మళ్ళీ ఎప్పుడు తవ్విస్తారండీ?"

"మళ్ళీ ఎవరు తవ్విస్తారు?" అని లేచిపోయారు.

ఆ రాత్రే అన్నయ్యకి ఉత్తరం రాశాను. ఒకే ఇనుము ముంచితే ఎందుకు చిట్లుతోంది, ముంచకపోతే ఎందుకు వంగుతోంది, నీ పరమాణువులు దీనికేమంటాయి అని అడిగాను.

జవాబు వచ్చేలోపు ఒకసారి కమ్మరి ఇంటికి వెళ్ళాను. కొలిమి ఊరి చివర, పనస చెట్టు కింద. కమ్మరి పట్టకారుతో గునపాన్ని నిప్పుల్లో పట్టుకుని ఉన్నాడు. అతని భార్య పసిబిడ్డని వీపున కట్టుకుని తిత్తులు తొక్కుతోంది. నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. మెడ నిండా పూసలు, ముంజేతుల మీద పచ్చబొట్లు. నన్ను చూసి నవ్వింది గాని, కళ్ళు మళ్ళీ నిప్పు మీదికే తిప్పేసింది. కాసేపటికి మెల్లగా, "తియ్యి" అంది. అతను తీశాడు. "కొద్దిగ ఎడమకి" అంది. అతను సుత్తి ఎడమకి జరిపి కొట్టాడు. అప్పుడు చూశాను, అతని రెండు కంటిపాపల మీదా పాలమీగడలాంటి పొర ఉంది.

నేను కనిపెట్టానని ఆమెకి తెలిసిపోయింది. తిత్తి వదిలి నా దగ్గరికొచ్చింది.

"మీ ఆయినికి సెప్పకు. రెండేళ్ళ నుంచి నా కళ్ళతోనే సేత్తన్నాడు. గుడ్డోడు సేసిన పనని తెలిత్తే ఇంకెవులూ ఇనుము తేరు."

"చెప్పను అక్కా" అన్నాను. ఆ పిలుపు నాకు తెలియకుండానే వచ్చింది. కొండమీద ఆమె అందర్నీ నువ్వనే అనేది, ఓవర్సీర్నైనా సరే. నన్ను ఎవరైనా అంత చనువుగా పలకరించి ఏడాది దాటింది.

అన్నయ్య జవాబు రెండో సంతకి వచ్చింది. నాలుగు పేజీలు. ఎక్స్‌రే కిరణాలతో ఇప్పుడు లోహాల లోపలి అమరిక పసిగడుతున్నారట. ఇనుములో పరమాణువులు వరసలు తీరి ఉంటాయట. వాటి సందుల్లో బొగ్గు రేణువులు కొన్ని ఇరుక్కుంటే అదే ఉక్కు. ఎర్రగా కాల్చినప్పుడు బొగ్గు రేణువులు సందుల్లో స్వేచ్ఛగా తిరుగుతాయి. నెమ్మదిగా చల్లారితే పక్కకి తప్పుకుంటాయి, వరసలు ఒకదాని మీద ఒకటి జారతాయి, మొన వంగుతుంది. ఒక్కసారిగా నీళ్ళలో ముంచితే ఎక్కడివక్కడే బిగుసుకుంటాయి. గట్టిదనం వస్తుంది, కాని జారే వీలు లేక దెబ్బకి విరుగుతుంది. మీ ఊరి ఇనుములో బొగ్గు తక్కువ గనక అతనికి ఈ చిక్కు ఎప్పుడూ వచ్చి ఉండదు, కొత్త ఉక్కులో ఎక్కువ, అని రాశాడు. చివర్న ఇలా ఉంది: "ముంచిన తరవాత మళ్ళీ కొంచెం వేడి తగలనివ్వాలి. కొన్ని రేణువులు సర్దుకుంటాయి, పెళుసు తగ్గుతుంది. ఎంత వేడి అని అడక్కు. నేను కొలిమి ముఖం చూసినవాణ్ణి కాను."

ఉత్తరం పట్టుకుని కొలిమికి పరుగెత్తాను. చెప్పడం ఎలాగో తెలియలేదు. చాప మీద చింతపిక్కలు వరసలుగా పేర్చాను. వేలితో తోస్తే వరస జారింది. సందుల్లో సామగింజలు కూరి తోశాను. ఈసారి జరగలేదు. ఇంకా గట్టిగా తోస్తే మొత్తం చెదిరిపోయింది.

ఆమె మోకాళ్ళ మీద వంగి చూసింది. "ఈ సామలు ఏటి?"

"బొగ్గు అక్కా. ఇనుములో దూరిన బొగ్గు. వజ్రం కూడా ఆ బొగ్గేనట."

"అలగైతే మా ఇంటినిండా వజ్రాలే. ఇంక ఈ తిత్తి ఎందుకు తొక్కాల?" అని పకపకా నవ్వింది. కమ్మరి కూడా నవ్వాడు. తరవాత అతను చాప దగ్గరికి చెయ్యి చాపి, చింతపిక్కల వరసల్ని వేళ్ళతో తడిమి తడిమి చూశాడు.

"కొన్ని సామలు తీసెయ్యాల, అన్నీ తియ్యకూడదు. అంతేనా?" అన్నాడు.

"అంతే. కాని ఎంత వేడి పెడితే ఎన్ని పోతాయో మా అన్నయ్యకీ తెలీదు."

ఆమె నవ్వు ఆపేసింది. పక్కనున్న గునపం మొన మీద వేలు పెట్టి చూపించింది.

"ముంచినాక ఇనుముని రాతికి రుద్ది మెరుపు తెచ్చినావనుకో, ఎనకాతల ఏడి ఇంకా ఉంటాది కదా. అది ముందుకొచ్చేకొలదీ మొన మీద రంగులు పాకతాయి. ముందు గడ్డి రంగు. తరవాత తేనె రంగు. ఆ తరవాత వంకాయ. ఆకరికి నెమిలి మెడ. సిన్నప్పటి నుంచీ సూత్తన్నాను. నిప్పు ఆడుకుంటాదనుకున్నాను."

కమ్మరి ఆమె వైపు ముఖం తిప్పాడు. "నాకెప్పుడూ సెప్పనేదేటే?"

"నువ్వడగనేదు."

ఆ రోజే మూడు గునపాలు పదును పట్టించారు. ఎర్రగా కాలగానే మొన మాత్రం ముంచడం, ఇసకరాతి మీద రుద్దడం, ఆమె చూస్తూ ఉండడం. ఒకటి గడ్డి రంగు దగ్గర, ఒకటి వంకాయ దగ్గర, ఒకటి నెమలి మెడ దగ్గర, రంగు అక్కడే ఆగిపోయేలా, "మళ్ళీ ముంచు" అంది. ఏది ఏదో తెలియడానికి గునపాలకి వేర్వేరు నార కట్టింది.

మర్నాడు పొద్దున్న గోతి అంచున నిలబడ్డాను. మా ఆయనకి ఏమీ చెప్పలేదు, కమ్మరి ఇంకోసారి చేశాడని మాత్రం చెప్పాను. గడ్డి రంగుది పదో దెబ్బకి చిట్లింది. నెమలి మెడది కాసేపటికే మొన మొద్దుబారింది. మూడోది తీసుకున్నప్పుడు లోపలివాళ్ళు కూడా విసుగ్గానే తీసుకున్నారు. సమ్మెట పడుతోంది, గునపం తిరుగుతోంది, రాతిపొడి ఎగురుతోంది. నేను దెబ్బలు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మరచిపోయాను. కింద నుంచి ఎవరో, "సేయి లోతు దిగింది బాబూ!" అని కేకేశారు.

మా ఆయన తాడు పట్టుకుని తనే కిందికి దిగారు. పైకొచ్చాక మొనని బొటనవేలితో రాసి చూసి, "అతనికి ఇదెలా తెలిసింది?" అన్నారు.

ఆమెకిచ్చిన మాట గుర్తుంది. గోతిలోకే చూస్తూ నిలబడ్డాను. కాని ఆమె నా వెనకే ఉంది, బిడ్డని చంకనేసుకుని. తనే ముందుకొచ్చింది.

"ఆడికి తెల్దు. ఆడికి కళ్ళు కనపడవు. రంగు నాను సూసినాను" అంది.

కమ్మరికి చూపు లేదని అప్పటిదాకా ఊళ్ళో ఎవరికీ తెలియదు. మా ఆయన ఆమెనీ గునపాన్నీ మార్చి మార్చి చూశారు. ఆయనకి కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి. చెవులు చూశాను, మామూలుగానే ఉన్నాయి.

"ఇంకా తొమ్మిది గునపాలున్నాయి. అన్నీ ఇదే రంగు దగ్గర ముంచాలి. చూస్తావా అమ్మా?" అన్నారు.

"సూత్తాను. బేగి పంపించు. పొద్దున్న ఎలుతురు ఉన్నప్పుడే రంగు బాగా అగుపడతాది."

తొలకరికి ఐదు రోజుల ముందు నీళ్ళు పడ్డాయి. ముందు రాతి చీలికలో చెమ్మ, తరవాత వేలంత ధార. మొదటి కుండ ఎవరు తోడాలన్న దాని మీద ఊళ్ళో ఒక పూటంతా వాదన నడిచింది. చివరికి ఊరి ముసలమ్మ తోడి, సగం కొండదేవతకి పోసి, మిగతాది అక్కడున్న పిల్లలందరికీ తలో గుక్కా ఇచ్చింది. ఆ వానాకాలం గెడ్డ బురదైనప్పుడు ఎవరూ దిగువకి వెళ్ళలేదు.

అన్నయ్యకి రంగుల గురించి మూడు పేజీలు రాశాను. వాడు ఆ ఉత్తరం వాళ్ళ మేష్టారికి చదివి వినిపించాడట. నెమలి మెడ రంగుకీ వంకాయ రంగుకీ మధ్య ఎంత సేపు పడుతుందో కమ్మరి భార్యని అడిగి రాయమన్నాడు. అడిగాను. "ఒక తమలపాకు మడిసేటంత" అంది. అదే రాశాను.

మేము అక్కడ ఇంకో మూడేళ్ళున్నాం. దూరపు ఊళ్ళ నుంచి కూడా గొడ్డళ్ళు ఆ కొలిమికే వచ్చేవి. తెచ్చినవాళ్ళు అతని ముందు కాదు, ఆమె ముందు పెట్టేవాళ్ళు. అతను నొచ్చుకున్నట్టు ఎప్పుడూ కనపడలేదు.

నూతిలో నీళ్ళు పడిన ఏటి పుష్యమాసంలోనే ఒక పొద్దున్న తలుపు కొట్టిన చప్పుడైంది. ఆమె. చేతిలో విస్తళ్ళు కుట్టే అడ్డాకు, దాని మీద తెల్లగా, గీతలు గీతలుగా పేరుకున్న మంచు. కరిగిపోకముందే చూపించాలని పరుగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"ఇది నీళ్ళే కదా? మరి ఈటికి ఈ ముళ్ళు ఎలా మొలిసాయి? ఇవి కూడా వరసల్లో నిలబడ్డాయా?"

అన్నయ్యని అడుగుదామన్నాను. ఇద్దరం గుమ్మంలో కూర్చుని, ఎండ తగిలి ఆ ముళ్ళు ఒక్కొక్కటే నీటి బొట్టయ్యే వరకూ చూశాం. తరవాత లోపలికి వెళ్ళి కాగితం, సిరాబుడ్డి తెచ్చుకున్నాను. ఆమె పక్కన కూర్చుని, ఒక్క మాటా వదలకుండా రాయమని చెప్పి, ఆ ఆకు ఎక్కడ కనపడిందో అక్కణ్ణుంచి చెప్పడం మొదలుపెట్టింది.