ముసలి నావికుడి మాటలున్న చివరి క్యాసెట్టు

2022 వేసవి. మదనపల్లెలో పాత వీడియో క్యాసెట్లను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించే పని నాది. ఎక్కువగా పెళ్లి క్యాసెట్లే వస్తాయి. కెమెరా కనబడగానే బిగుసుకుపోయే మామయ్యల్ని చూసి చూసి విసుగెత్తిపోయి ఉన్నాను.

అప్పుడు పుంగనూరులో విత్తనాల కొట్టున్న మునెప్ప పదకొండు క్యాసెట్లు తెచ్చాడు. ఎప్పుడో టీవీలో వచ్చిన ఒక సాహస సీరియల్‌ను వారం వారం రికార్డు చేసుకున్నాడాయన. ఓడలు, దొంగలు, కత్తియుద్ధాలు. ప్రతి భాగం మొదట్లో, చివర్లో ఒక ముసలి నావికుడు కూర్చుని అదంతా తన కుర్రతనపు కథగా చెబుతాడు. ఇప్పుడు నెట్‌లో దొరికే భాగాల్లో ఆయన లేడు, ఎవరో కోసేశారు. వాట్సాప్ గ్రూపులో కలిసిన అభిమానులంతా ఆయన కోసమే వెతుకుతున్నారట.

మునెప్పతోపాటు, ఆ గ్రూపులోనే ఉన్న రుక్మిణమ్మ కుప్పం నుంచి వచ్చింది. సంగీతం టీచరు. పుట్టుకతోనే చూపు లేదు.

"కత్తులు, గుర్రాలు నాకు వట్టి సద్దప్పా. తాత చెప్తేనే కత కనపడేది. ఆ గొంతు ఇంకొక్కసారి ఇనాల" అంది.

టేపుల నిండా తెల్లటి బూజు. అలాగే వేస్తే వీసీఆర్‌లో హెడ్, అంటే టేపును చదివే భాగం, పూడుకుపోతుంది. రెండు వారాలు దూదితో తుడిచి, ఒక్కొక్కటే ఎక్కించాను. పది అయ్యాయి. తాత ఎక్కడా లేడు. మునెప్పకు ఫోన్ చేశాను.

"మాటలే గదా అని ఆయన రాంగానే పాజ్ నొక్కేస్తాంటినప్పా, టేపు మిగులుతాదని. ఇప్పుడు ఆ యమ్మకు ఏం చెప్పేది?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అయినా ఆఖరిదానికి ఇద్దర్నీ రమ్మన్నాను.

ఇద్దరూ వచ్చాక క్యాసెట్టు వేశాను. అది రికార్డు చేసిన వారం మునెప్ప ఇంటికి చుట్టాలొచ్చి పాజ్ సంగతి మరిచిపోయాడేమో, తెర మీద ముసలాయన ప్రత్యక్షమయ్యాడు. గొంతు వినగానే రుక్మిణమ్మ రెండు చేతులూ జోడించింది. నిమిషం గడిచిందో లేదో, మాట ఆగిపోయింది. వీహెచ్ఎస్ క్యాసెట్లలో శబ్దం టేపు అంచున ఉంటుంది. అంచు పాడైన చోట బొమ్మ కదులుతుంది, మాట రాదు.

మాట ఆగిన చోటి నుంచి రుక్మిణమ్మ తనే అందుకుంది.

"మూడు రోజులుగా గాలి లేదు. తెరచాప కదల్లేదు. నీళ్లు మూతతో కొలుచుకుని తాగుతున్నాం. అప్పుడు విన్నాను, దూరంగా ఒక పక్షి కూత..."

తెర మీద ముసలాయన పెదవులు సరిగ్గా ఆమె మాటలకే కదులుతున్నాయి. ఆయన ఊపిరి తీసుకున్నచోట ఈమె ఆగింది. అర నిమిషానికి శబ్దం తిరిగొచ్చింది. "నేల దగ్గర్లోనే ఉంది" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

"ఇదంతా ఎట్ల గుర్తుండాదమ్మా?" అన్నాను.

"అప్పట్లో నేనుండిన హాస్టల్లో పిల్లోళ్లకు తాత మాటలే వారమంతా చెప్తాంటిని గదప్పా. ఒక్క మాట మారిస్తే ఊరుకోరు వాళ్లు!"

ఉన్నది ఉన్నట్టు ఎక్కించడమే మా పని. సొంతంగా ఒక్క శబ్దం చేర్చకూడదు. ఆ రోజు మాత్రం మైకు పెట్టి, ఆ అర నిమిషంలో ఆమె గొంతు చేర్చాను.

అప్పటిదాకా పోయిన మాటను టేపులోనే వెతికేవాణ్ని. ఇప్పుడు ఎవరైనా పాడైన క్యాసెట్టు తెస్తే, మూత కూడా తీయకముందే అడుగుతాను: "ఇది బాగా గుర్తున్నవాళ్లు ఎవరున్నారు? వాళ్లనూ పిల్చుకోని రాండి."