సర్టిఫికెట్టుకు పెట్టిన కుంకుమ

ఆ కాలంలో మా కేజీఎఫ్ బంగారు గనుల కుర్రవాళ్ళకు ఉద్యోగం దొరకకపోవడమే పెద్ద కష్టం. నాకు మాత్రం ఒకే వారంలో రెండు దొరికి, అంతకు మించిన కష్టం తెచ్చిపెట్టాయి. ఫార్మసీ డిప్లొమా చేతికొచ్చిన ఏడాది అది. ఒకటి తమక అనే ఊరి దగ్గర ఒక ఆస్పత్రిలో మందులిచ్చే పని: పర్మనెంటు, ఇంట్లోవాళ్ళకు ఉచితంగా వైద్యం, కాని వారం వారం మారే మూడు షిఫ్టులు. రెండోది మా ఊళ్ళోనే, రాబర్ట్‌సన్‌పేటలో మందుల అంగడి: పొద్దున, సాయంత్రం పని, మధ్యాహ్నం మూడు గంటలు ఇంటికి పోవచ్చు (యజమాని మనసు మారితే మొత్తంగానే ఇంటికి పోవచ్చు). చాంపియన్ రీఫ్స్ గని పక్కనున్న మా ఇంట్లో, గని దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైన నాయన పగలంతా ఒంటరిగా మంచం మీద ఉండేవాడు. అమ్మ బడిలో ఆయా. నాయనకు వైద్యమూ కావాలి, పక్కన మనిషీ కావాలి. డైరీలో నిలువు గీత గీసి, రెండు ఉద్యోగాలకూ రోజూ మార్కులు వేశాను. రోజూ సమానమే వచ్చేవి. (ఒకనాడు ఆస్పత్రికి ఎక్కువ వచ్చాయి. అనుమానమొచ్చి మళ్ళీ దిద్దాను.)

"యాడ చేరమంటావు నాయనా?" అని అడిగాను.

"ఆస్పత్రికే పోరా, గట్టి ఉద్యోగం," అని కాసేపు దగ్గి, "మూడు షిఫ్టులు నేనూ చేసినాను కదా. నేనొచ్చి పండుకుంటే నువ్వు ఇస్కూలుకు పోతావు, నువ్వొచ్చేసరికి నేను గనిలోకి పోతాను. నీ మొగం సరిగ్గా చూసిందే లేదప్పా," అన్నాడు. ఆ మాటకు ఏ వైపు మార్కు వేయాలో తెలియక డైరీ మూసేశాను.

చివరకు, వైద్యమే ముఖ్యమని ఆస్పత్రికి మొగ్గాను. విజయదశమి మర్నాడు అసలు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టుతో రమ్మన్నారు. చిక్కల్లా, అది అంగడిలో ఉంది. మందుల అంగడి గోడ మీద ఫార్మసిస్టు సర్టిఫికెట్టు కనబడాలి కాబట్టి, తేల్చుకునేలోగా ఆ ఉద్యోగం చేజారకూడదని నేనే ముందుజాగ్రత్తగా ఇచ్చి వచ్చాను. యజమానిని కర్పూరం శెట్టి అనేవాళ్ళం. ఆయన భక్తి అలాంటిది. వెళ్ళి చూద్దును కదా, ఇంకా అద్దం కట్టించని నా సర్టిఫికెట్టు దండ వేసుకుని ఉంది. నాలుగు మూలలా పసుపు, నడుమ నా నంబరు మీద రూపాయంత కుంకుమ.

"ఏంది శెట్టిగారూ ఇది?"

"ఆయుధపూజ కదప్పా! తక్కెడకు పెట్టినాను, గల్లాపెట్టెకు పెట్టినాను. ఈ అంగడి నడిచేదే దీనిమింద, దీనికి పెట్టకుంటే ఎట్ల?"

బతికుండగా నా పేరుకు దండ పడటం అదే మొదలు. రెండు రోజులు పని ఉందని అడిగి ఇంటికి తెచ్చి, శాస్త్రం చదువుకున్నవాణ్ణి కనుక నీళ్ళు వాడకుండా స్పిరిట్‌లో దూది ముంచి జాగ్రత్తగా తుడిచాను. కుంకుమ పోలేదు. నంబరు పోయింది.

ఆస్పత్రి గుమాస్తా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "పెండ్లి యాడప్పా? మమ్మల్నందర్నీ పిలిచినట్లేనా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నంబరు కనబడని సర్టిఫికెట్టు చెల్లదన్నాడు. బెంగళూరు నుంచి కొత్త ప్రతి వచ్చేసరికి ఆ ఉద్యోగంలో ఇంకొకరు చేరిపోయారు. ఆ రోజు డైరీలో 'నా బతుకు ముగిసింది' అని రాసి, కింద గీత కూడా కొట్టాను.

అంగడిలోనే చేరాను. రోజూ ఒంటిగంటకు సైకిలు మీద ఇంటికి వచ్చి నాయనకు సంగటి కలిపి పెట్టేవాణ్ణి. ఆయన దగ్గుల మధ్య గని లోపలి సంగతులు చెప్పేవాడు. నేను నా దురదృష్టం తలుచుకుంటూ సగమే వినేవాణ్ణి. రెండేళ్ళకు ఆయన పోయాడు. నేను ఆస్పత్రి ఉద్యోగంలో చేరి ఉంటే ఆయన ఇంకొన్నాళ్ళు బతికేవాడేమో. ఆ కొన్నాళ్ళూ నేను షిఫ్టులో ఉండేవాణ్ణి.

రిటైరై ఇంట్లో కూర్చున్నా, ఇప్పటికీ ఒంటిగంట కాగానే లేచి చెప్పులు వేసుకుంటాను. "ఇంట్లోనే ఉండారు కదా, ఇంగ ఏ ఇంటికి బయల్దేరినారు?" అంటుంది మా ఆవిడ. నిజమే కదా అని నవ్వి, చెప్పులు విడిచి మళ్ళీ కూర్చుంటాను.