మిన్నీ బే ర్యాంపు మీద ఎర వేసే కొంగ

ఎర వేసి చేపలు పట్టే కొంగను చూశానంటే మా పక్షుల గ్రూపులో ఒక్కరూ నమ్మలేదు. నిరుడు చుట్టాలతో అండమాన్ వెళ్లినప్పుడు చూశాను. పోర్ట్‌బ్లెయిర్‌లో, మిన్నీ బే దగ్గర పడవలు ఒడ్డుకు లాగే చిన్న సిమెంటు ర్యాంపు ఉంది. దాని అంచున బూడిద రంగు పొట్టి కొంగ ఒకటి, ఇంగ్లీషులో స్ట్రయేటెడ్ హెరాన్ అంటారు, రొట్టెముక్కను ముక్కుతో తెచ్చి నీళ్ల మీద పెట్టింది. దాని కోసం చేపపిల్లలు మూగగానే ఒకదాన్ని లటుక్కున అందుకుంది. నా చేతిలో కెమెరా లేదు. కాకినాడ తిరిగొచ్చాక, మనిషి అలికిడి లేని తీరంలో అడవి పక్షి తెలివి చూడండంటూ గ్రూపులో పొడుగ్గా రాశాను. గ్రూపుకు పెద్దదిక్కయిన మాస్టారు ఒకటే ప్రశ్న వేశారు: “మనిషి అలికిడి లేని చోట రొట్టె ఎక్కడిదమ్మా?” దాని కింద వరసగా నవ్వు బొమ్మలు పడ్డాయి. ఇరవై రెండేళ్లుగా కాలేజీలో జువాలజీ చెబుతున్న మనిషిని, ఒళ్లు మండిపోయింది. ఒక్క ఫోటో తెచ్చి వాళ్ల మొహాన పెట్టాలనుకున్నాను. అందుకే ఈ మార్చిలో నాలుగు రోజులు సెలవు పెట్టి మళ్లీ వెళ్లాను.

మొదటి రోజు ప్రయాణానికే సరిపోయింది. రెండో రోజు నేరుగా ర్యాంపు దగ్గరికి వెళ్లాల్సింది. మడ అడవిలో అయితే వెనకాల పచ్చగా ఫోటో బాగుంటుందని ఆశపడి, చాతం నుంచి ఫెర్రీలో అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌కు దాటి, మూడు వేలు పెట్టి పడవ మాట్లాడుకున్నాను. నాలుగు గంటలు ఎండలో మాడితే దొరికినవి ఎగిరిపోతున్న మూడు కొంగల వీపులు. మూడో రోజు గెస్ట్‌హౌస్‌లో ఇడ్లీలు తిని ఎనిమిదిన్నరకు ర్యాంపు చేరాను. పోటు మీద నీళ్లు సగం ర్యాంపు ఎక్కేశాయి. కొంగ లేదు సరికదా, అది నిలబడే చోటే లేదు. ఆటు పోట్ల వేళలు చూసుకోకుండా ఇడ్లీల కోసం ఆగిన నా తెలివికి నన్ను నేనే తిట్టుకున్నాను.

నాలుగో రోజు ఆదివారం. మధ్యాహ్నం పన్నెండున్నరకు విమానం, పదిన్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. నీళ్లు బాగా తగ్గేది ఆరుంపావుకు. నాలుగున్నరకు రమ్మన్న ఆటో శంకర్ ఐదుంపావుకు వచ్చాడు. చాతంలోని గెస్ట్‌హౌస్ నుంచి రానూపోనూ, మధ్యలో ఆగడంతో కలిపి ఐదు వందలు. దారిలోనే తెల్లారిపోయింది.

“ఏం భయ్యా, చీకటుండగానే రమ్మన్నానుగా!”

“అరె మేడమ్, ఇక్కడ సూరీడికి బహుత్ జల్దీ. ఐదున్నరకే వచ్చీస్తాడు. మనమేటి చేస్తాం?”

నేనడిగింది సూర్యుడి సంగతి కాదు, అతని సంగతి.

ర్యాంపు మీద ఒకామె పీట వేసుకుని నీలం టబ్బులో చేపలు శుభ్రం చేస్తోంది. పక్కన టీ ఫ్లాస్కు, విప్పిన బ్రెడ్ కవరు. పేరు రూతమ్మ అనీ, తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబమనీ శంకర్ చెప్పాడు. ఆమె కూర్చుంది సరిగ్గా నా ఫ్రేము మధ్యలో. అడవి పక్షి ఫోటోలో ప్లాస్టిక్ టబ్బేమిటి? “అమ్మా, కాస్త అవతలికి వెళ్తారా? ఇక్కడో పక్షిని ఫోటో తీయాలి” అన్నాను. ఆమె టబ్బు ఎత్తుకుని దూరంగా రాళ్ల మీదికి వెళ్లింది.

ఫ్రేము శుభ్రంగా తయారైంది. ఆరయింది, ఆరున్నరయింది. కొంగ రాలేదు. కుక్కొకటి వచ్చి ట్రైపాడ్ వాసన చూసిపోయింది. శంకర్ మూడుసార్లు “చాయ్ తాగుతారా మేడమ్?” అన్నాడు, మూడోసారి కసురుకున్నాను. ఏడు దాటేసరికి నీళ్లు మెల్లగా పైకి జరగడం మొదలైంది. ఏడుపొక్కటే తక్కువ.

చివరికి రూతమ్మే అడిగింది. “దీదీ, ఏ పక్షి కోసం మీరు? ఆ బ్రెడ్ దొంగ కోసమా?”

“మీకు తెలుసా?”

“రోజూ వస్తాది కదా. కానీ నా దగ్గరకి వస్తాది. నన్ను మీరు లేపీసినారు, ఇంక అదెందుకు వస్తాది? ముందే చెప్తే అయిపోను. నాకు తొమ్మిదికి ఆస్టినాబాద్ చర్చిలో ఆరాధన ఉన్నాది, జల్దీ కానీండి.”

ఆమె టబ్బుతో సహా పాత చోటుకు వచ్చి కూర్చుని, టీలో బ్రెడ్ ముంచుకుంది. ఐదు నిమిషాలు కాలేదు, కొంగ దిగింది. దిగడం దిగడం నా ముందే దిగింది. నాలుగు మీటర్ల లోపు ఉన్నదేదీ నా లెన్సుకు ఆనదు. లక్షన్నర పోసి కొన్న లెన్సులో కొంగ మంచులా కనిపిస్తోంది. వెనక్కి జరుగుతూ జరుగుతూ నాచు మీద కాలు జారి, కెమెరా పైకెత్తి పట్టుకుని కూలబడ్డాను. పడ్డ చోటు మాత్రం సరిగ్గా సరిపోయింది. కొంగ టబ్బు పక్కన రాలిన ముక్కను ఎత్తి నీళ్ల మీద పెట్టింది. ముక్క కొట్టుకుపోతే మళ్లీ తెచ్చి పెట్టింది. చేపపిల్లలు మూగాయి. మెడ ఒక్కసారి సాగింది. తడిసిన చీరతో, కూర్చున్న చోటి నుంచే తొమ్మిది ఫోటోలు తీశాను. ఒకటి అద్భుతంగా వచ్చింది. నీటి మీద రొట్టె, ముక్కున చేప, వెనకే రూతమ్మ పాదాలు, నీలం టబ్బు.

ఆమెకు చూపించాను. “మీ పాదాలు పడ్డాయి. మీకేం అభ్యంతరం లేదుగా?”

“చేపల్లో నానే కాళ్లు దీదీ, వాటికేటి! ఉండనీండి.” చేతులు కడుక్కుంటూ నవ్వింది. “పోయినేడు కూడా మీరు దాన్నే చూస్తా ఇక్కడే నిలబడిపోనారు. నా బ్రెడ్ కవరు గాలికెగిరితే మీరే పట్టుకుని ఇచ్చినారు. యాద్ నై?”

నాకు ఏమీ గుర్తులేదు. ఆ కొంగ పచ్చటి కాళ్లు, నల్ల జుట్టు, ఏ రాయి మీద నిలబడిందో కూడా గుర్తుంది. నా చేతి నుంచి కవరు అందుకున్న మనిషి మాత్రం గుర్తులేదు.

ఎయిర్‌పోర్టులో కూర్చుని ఫోటోను ఫోనులోకి ఎక్కించాను. పైభాగం కొద్దిగా కత్తిరిస్తే పాదాలూ టబ్బూ పోతాయి. అడవి పక్షి, రొట్టె, చేప మిగులుతాయి. మాస్టారు తప్ప అందరూ చప్పట్లు కొడతారు. కత్తిరించి చూసుకున్నాను, ఎంత బాగుందో! ఏడాదిగా ఆయన మీద కోపం పెంచుకున్నాను గానీ, నిరుడు నేను రాసిందీ ఇలాగే మనిషిని కత్తిరించే. ఆయన అడిగింది ఒక్క మాట, సరైన మాట. కత్తిరించింది తీసేసి మొత్తం ఫోటో గ్రూపులో పెట్టి కింద రాశాను: “మాస్టారూ, రొట్టె ఈమెది. పేరు రూతమ్మ. నిరుడు కూడా ఈమె అక్కడే ఉంది. నేనే రాయలేదు.”

వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటే చెబుతాను. ఆటు వేళ ముందురోజే చూసుకుని గంట ముందు చేరండి, కొంగ దిగే చోటికి ఐదు మీటర్ల దూరంలో కూర్చోండి, అక్కడ పని చేసుకుంటున్నవాళ్లను మాత్రం లేవమనకండి.