తేనెపిట్టలు తగ్గిపోయిన సంగతి

మా పెదనాన్నకి కళ్ళజోళ్ళ షాపు ఉండేది. ఊళ్ళో సగం మంది ముక్కుల కొలతలు ఆయనకి నోటికొచ్చు. కానీ ఆయన్ని సంతోషపెట్టాలంటే కళ్ళజోళ్ళ ఊసెత్తకుండా "ఈ ఏడు పిట్టలెలా ఉన్నాయండీ?" అని అడగాలి. ఇక షాపుకొచ్చినవాళ్ళు అద్దాలు లేకుండా తడుముకుంటూ కూర్చోవాల్సిందే.

ఆయన పక్షుల ఆఫీసుకి పిట్టల్ని లెక్కపెట్టిచ్చేవాడు. జీతం లేదు, భత్యం లేదు. ఏటా పిట్టలు గూళ్ళు కట్టుకునే కాలంలో ఒక పొద్దున్నే బయల్దేరి, ఆఫీసువాళ్ళు చెప్పిన దారిలో గుర్తుపెట్టిన చోటల్లా కాసేపు నిలబడి, ఏ పిట్ట కనిపించిందో, ఏది కూసిందో రాసుకోవాలి. ఒక్క ఏడు లెక్క దేనికీ పనికిరాదు. ఏళ్ళ తరబడి అదే దారిలో, అదే పద్ధతిలో లెక్కపెడితేనే ఏది పెరుగుతోందో, ఏది తరుగుతోందో తేలుతుంది. అందుకే ఆఫీసువారి మొదటి రూలు: నిలబడే చోటు మారకూడదు.

ఆ చోట్లలో ఒకటి ఒకప్పుడు తుప్పల మధ్య ఖాళీ జాగా. తర్వాత అక్కడ అపార్టుమెంటు లేచింది. పెదనాన్న మ్యాపు పట్టుకుని వెతికితే, ఆ చోటు సరిగ్గా కింది అంతస్తులో ఒకరి బాత్రూంలో తేలింది.

ఇంకొకరైతే గేటు బయట నిలబడి రాసుకుపోయేవారు. పెదనాన్న తలుపు కొట్టాడు.

ఆ ఇంటి కోడలు తీసింది.

"అమ్మా, మీ బాత్రూంలో కాసేపు నిలబడాలి," అన్నాడు.

ఆవిడ తలుపేసేసింది. మళ్ళీ కొట్టాడు. ఈసారి అత్తగారొచ్చింది. పెదనాన్న తుప్పల దగ్గర్నుంచీ మొదలుపెట్టి రూలంతా చెప్పాడు. ఆవిడ సాంతం విని, "రూలంటే రూలే. చెప్పులు బయట విడవండి," అంది.

అలా ఏటా ఆ పొద్దున ఇంటిల్లిపాదీ పెందలాడే లేచి స్నానాలు కానిచ్చేవారు. ఆలస్యంగా లేచిన కొడుకు తువ్వాలు భుజానేసుకుని గింజుకుంటే, "లోపల పిట్టలాయన ఉన్నారు, ఓర్చుకో," అని తల్లి కసిరేది. పెదనాన్న బకెట్టుకీ గీజరుకీ మధ్య నిటారుగా నిలబడేవాడు. వెంటిలేటరుకి మసక అద్దం కాబట్టి కనపడేదేమీ లేదు. చెవులే ఆధారం.

ఏళ్ళు గడిచేకొద్దీ కాకులు అలాగే ఉన్నాయి, పావురాలు పెరిగాయి, తేనెపిట్టలు మాత్రం తగ్గుతూ వచ్చాయి. దారి పొడుగునా అంతే; ఆకుల చాటున తిరిగే అంత చిన్న పిట్టని అక్కడా కూతనిబట్టే పట్టాలి. పెదనాన్నకి అన్నం సయించేది కాదు. "పిట్టలు పోతున్నాయే," అని దిగులుపడేవాడు.

"కుక్కరు కూస్తుంటే పక్కనే కూర్చుని కట్టెయ్యలేదేం?" అనేది పెద్దమ్మ.

"నువ్వు ఈమధ్య మరీ గొణుగుతున్నావు. కాస్త గట్టిగా చెప్పు."

చుట్టుపక్కల దారులవాళ్ళందరూ ఎప్పుడో మానేశారు. మిగిలిన లెక్క పెదనాన్నదొక్కటే. పక్షుల ఆఫీసరు దాన్ని చూసి అదిరిపోయి తేనెపిట్టల రక్షణ కమిటీ వేశాడు. గోడలకి బొమ్మలు వేయించారు, బడిపిల్లల చేత నినాదాలిప్పించారు, నాలుగురోడ్ల కూడలిలో ఎద్దంత తేనెపిట్ట విగ్రహం పెట్టారు. ముసుగు తీసింది పెదనాన్నే. కళ్ళు తుడుచుకుని దిగిపోయాడు. జనం కూడా ఏడ్చారు.

ఆ మరుసటి ఏడు బాత్రూంలోంచి వేలాడేసిన మొహంతో బయటికొచ్చాడు.

"ఎన్నండీ?" అంది కోడలు.

"ఒక్కటీ లేదు తల్లీ."

"అదేంటి! మీరు లోపలున్నంతసేపూ వెంటిలేటరు బయట అరుస్తూనే ఉంది కదా! అక్కడే గూడు కట్టింది. దాని గోల పడలేక మావారు హాల్లో పడుకుంటున్నారు."

పెదనాన్న నవ్వేశాడు. అత్తగారు ఆయన్ని ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. కేబులు వైరుకి చిన్న సంచీలా గూడు వేలాడుతోంది. పక్కనే మగ తేనెపిట్ట, ఎండలో నీలంగా నిగనిగలాడుతూ నోరు తెరుస్తోంది, మూస్తోంది. టీవీ సౌండు తీసేసినట్టుంది పెదనాన్నకి.

"అరుస్తోందా?" అని మెల్లగా అడిగాడు.

"చెవులు చిల్లులు పడేట్టు," అందావిడ.

చెవుల డాక్టరు పరీక్ష చేసి, సన్నటి చప్పుళ్ళు బొత్తిగా వినపడటం లేదని తేల్చి, గ్రాఫు చేతికిచ్చాడు. పెదనాన్న సంచీలోంచి తేనెపిట్టల గ్రాఫు తీసి దాని పక్కన పెట్టాడు. రెండూ ఒకే జారుడుబల్ల.

డాక్టరు వంగి చూశాడు. "ఈ రెండోది ఎవరిదండీ, మీ అన్నగారిదా?"

పెదనాన్న నేరుగా పక్షుల ఆఫీసుకెళ్ళాడు. "పిట్టలు తగ్గలేదు సార్. నా చెవులు తగ్గాయి."

"తగ్గాయండీ," అన్నాడు ఆఫీసరు. "తగ్గాయని కమిటీ తీర్మానించింది. ఇప్పుడు పిట్టలొచ్చి కాదంటే ఎలా?" కాసేపు ఆలోచించి గొంతు తగ్గించాడు. పెదనాన్నకి వినపడక మళ్ళీ పెంచాడు. "పోనీ ఓ పని చేయండి. చెవికి మిషను పెట్టుకోండి. వచ్చే ఏడు లెక్క దానంతటదే పెరుగుతుంది. రక్షణ ఫలించిందని సభ పెడదాం."

పెదనాన్న జీవితంలో మొదటిసారి ఆఫీసులో కేకలేశాడు. "అంటే నా బ్యాటరీ అయిపోతే పిట్టల జాతి అంతరించిపోతుందా?"

చివరికి రూళ్ళలోనే దారి దొరికింది. మంచి చెవులున్న మనిషి ఒకరు పెదనాన్న పక్కనే నిలబడి, వేరుగా లెక్కపెట్టాలి. ఇద్దరి లెక్కల మధ్య తేడా చూసి ఈమధ్య లెక్కలెంత దారితప్పాయో అంచనా కట్టుకోవచ్చు. మరి ఆ మంచి చెవులెవరివి? పక్కింటివాళ్ళు గుసగుసలాడుకున్నా అక్షరం పొల్లుపోకుండా చెప్పగలిగేది మా పెద్దమ్మ. వంట చేస్తూ పిట్టల కూతల రికార్డులు విని విని, ఆఫీసువారి పరీక్ష పాసైంది.

ఆ ఏడు బాత్రూంలో ఇద్దరూ నిలబడ్డారు. బకెట్టు పక్కన ఆయన, గీజరు కింద ఆవిడ. లెక్కపెట్టేటప్పుడు ఒకరికొకరు సైగ కూడా చేసుకోకూడదు. పెళ్ళయ్యాక అంతసేపు మాటామాటా అనుకోకుండా ఉండటం అదే మొదలని పెద్దమ్మ తర్వాత చెప్పింది. బయటికొచ్చేసరికి ఆవిడ కాగితం మీద తేనెపిట్టలున్నాయి. ఆయన కాగితం మీద లేవు.

తేడా తేలాక కమిటీ రద్దవుతుందనుకున్నాం. కాలేదు. పేరు మార్చుకుని, మిగతా ఊళ్ళ లెక్కలవాళ్ళందరికీ ఏటా చెవులు పరీక్ష చేయిస్తోంది. ఆ దారి పెద్దమ్మకి ఇచ్చేశారు.

పెదనాన్న మిషను పెట్టించుకున్నాడు. మొదటి ఉదయమే కిటికీ దగ్గర తేనెపిట్ట కూసింది. చాలాసేపు తల పక్కకి వంచి విన్నాడు. పెద్దమ్మ ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది.

"దీని గొంతు ఇది కాదే," అన్నాడు. "ఏదో తేడా చేసింది."

"తేడా పిట్టది కాదు, మిషనుది."

"నాకు తెలీదా? వాటి గొంతే మారిపోతోంది."

అప్పటినుంచీ షాపు మూశాక రోజూ కిటికీ దగ్గర కూర్చుని, ఎంత మారిందో వింటున్నాడు.