కళ్లు తెరవని కుక్క

మనవాడొకడు అంతరిక్షంలోకి వెళ్లి వచ్చిన ఏడాది, నంద్యాలలో నేను పాఠాలు చెప్పే బడికి ఆకాశం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అంతకుముందు కప్పు కారినప్పుడు తప్ప అక్కడెవరూ తలెత్తి పైకి చూసింది లేదు. మనిషి మొదట ఆకాశానికెక్కిన కథను వార్షికోత్సవంలో బొమ్మలతో చెప్పించాలని ప్రధానోపాధ్యాయుడికి తోచింది. పొడుగాటి గుడ్డ మీద బొమ్మలు వేయించి, రెండు కర్రలకు చుట్టి, ఒక్కొక్కటే విప్పుతూ చెప్పాలి. రాసేదీ చెప్పేదీ నువ్వే అన్నాడు కాబట్టి ఒప్పుకున్నాను. మా తాత నోరు విప్పితే ఏడూళ్లు వినేవి. నేను విప్పితే తొమ్మిదో తరగతి కూడా వినదు. ఒక్కరోజైనా నిలబడి నలుగురూ వినేలా చెప్పాలని ఉండేది. దాచడం దేనికి?

బొమ్మల కోసం ఆళ్లగడ్డ వెళ్లాను. అక్కడి ముసలి శిల్పి మా తాత కట్టించిన గుడికి విగ్రహం చెక్కినవాడు. గుడ్డ మీద బొమ్మలు వేయడంలోనూ చెయ్యి తిరిగినవాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నాకోసం ఎవరైనా లేచి ఎన్నేళ్లయిందో.

"ఎవురప్పా చేపిచ్చేది?" అన్నాడు.

"నేనే" అన్నాను. బడి పేరు చెప్పడానికి నోరు రాలేదు.

"అట్లయితే ఆఖర్న నువ్వు ఎదురుగా ఉండల్ల."

మర్యాదకు అన్నాడనుకుని తలూపాను.

ఉత్సవానికి ముందురోజు ప్రధానోపాధ్యాయుడు నసిగాడు. కథ ముఖ్య అతిథి చదువుతాడట. ఆయనకు బియ్యం మిల్లుంది. ఆయన నాయన మా కళ్లంలో వడ్లు తూర్పారబట్టినవాడు. "నువ్వు ఆ బొమ్మల చుట్ట విప్పు, చాలప్పా" అన్నాడు ప్రధానోపాధ్యాయుడు. సరేనన్నాను. మా ఇంట్లో ఎవరికీ బతిమాలడం నేర్పలేదు.

బొమ్మల చుట్టను శిల్పి తానే మోసుకుని నేరుగా సభకు తెచ్చాడు. విప్పాను. మొదటిది ఇరుకు గూట్లో కుక్క. కళ్లుండాల్సిన చోట తెల్లగుడ్డ. తర్వాతి మనుషులకూ అంతే.

"గుడ్డోళ్లను పంపిచ్చినార్రా పైకి!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. పిల్లలు గొల్లుమన్నారు.

కథ చదవబోతున్న మిల్లు యజమాని కాగితం దించాడు. "ఏందప్పా ఇది? కండ్లు యాడబోయినాయి?"

శిల్పి తొణకలేదు. సంచిలోంచి సన్న కుంచె తీశాడు. "కండ్లు ఆఖర్న తెరుస్తాం. చేపిచ్చినాయన ఎదురుగా ఉండల్ల."

"నేనుండా గదా ఎదురుగా."

"నువ్వెవురప్పా? చేపిచ్చింది ఆయప్ప" అని నన్ను చూపించాడు.

దేవుళ్లకు పాటించే పద్ధతి అది. రష్యావాళ్లు పైకి పంపిన కుక్కకు అక్కర్లేదని అతనికి ఎవరూ చెప్పలేదు. ప్రధానోపాధ్యాయుడు నన్ను మింగేసేలా చూశాడు. కర్ర ఆయన చేతిలోనే పెట్టి ముందుకొచ్చాను.

"మనుషులకంటే ముందు దీన్ని పంపారు" అన్నాను.

"తిరిగొచ్చిందా?" అన్నాడు శిల్పి.

"లేదు."

కుంచె వెనక్కి తీసుకున్నాడు. "రానిదానికి తెరవను. ఇంగోటి చెప్పు."

మొదట వెళ్లిన మనిషి గురించి చెప్పాను. "వచ్చినాడా?" "వచ్చాడు." రెండు నల్లటి చుక్కలు పెట్టాడు. ఇందాక వెనక నుంచి అరిచినవాడు చూడ్డానికి ముందుకు జరిగాడు. మొదటి ఆడమనిషికీ, తాడు కట్టుకుని ఓడ బయట తేలినవాడికీ తెరిచాడు. దిగేటప్పుడు పారాచూట్ గొడుగు విచ్చుకోక నేలను గుద్దుకుని పోయినవాడిని మాత్రం అలాగే వదిలేశాడు. చివరిది మనవాడిది. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది మిల్లు యజమానే. ఆయన చేతిలో నా కాగితం ఇంకా ఉంది.

నా కథ విన్నారని నేననుకోలేదు. జనం చూసింది కుంచెను. గోడకు సున్నం కొడుతున్నా అలాగే నోరు తెరుచుకుని చూసేవాళ్లు.

వారం తిరక్కుండా, అసంపూర్తిగా ఉంటే బాగుండదని ప్రధానోపాధ్యాయుడు మిగిలిన ఇద్దరికీ బడి సిరాతో కళ్లు పెట్టించాడు. కుక్కకు మెల్లకన్ను వచ్చింది.

ఆ సంగతి చెప్పాలని మళ్లీ ఆళ్లగడ్డ వెళ్లాను. శిల్పి లేవబోయాడు.

"చేయించింది నేను కాదు, బడి" అన్నాను.

"అట్లనా" అని మళ్లీ కూర్చున్నాడు. కాసేపు ఉలి ఆడించి, ఆపాడు. "ఆ కుక్క... తిరిగి రాదని తెలిసే పంపిచ్చినారా?"

ఇన్నాళ్లూ దాని గురించే ఆలోచిస్తున్నాడన్నమాట.

"తెలిసే" అన్నాను. అక్కడే రాతిపొడిలో, కూర్చోమనకుండానే కూర్చుని, దాని కథ మొదటి నుంచి చెప్పాను.